పూచీ అక్క ఎరిగినవాళ్లు

ఆ శుక్రవారం నేను చేయవలసిన పనులు: పూచీ అక్క బల్ల ఖాళీ చేయించడం, ఆమె గుర్తింపు కార్డు అప్పగించడం, ఆమె మెయిల్ ఖాతా తీసేయడం, నాలుగింటిలోగా నాన్న ఆపరేషన్ అంగీకార పత్రం ఆసుపత్రికి పంపడం.

అక్క పోయి పన్నెండు రోజులైంది. చెత్త మెయిళ్లు రాకుండా మా ఆఫీసులో ఒక జల్లెడ ఉంది. అది ఉత్తరంలోని మాటలు చూడదు. పంపినవారిని ఎవరెవరు ఎరుగుదురో చూస్తుంది. ఎవరూ ఎరగనివారి ఉత్తరం ఎవరికీ చేరదు. ఆసుపత్రిలోనూ అదే జల్లెడ. కొత్తగా చేరేవాళ్లు ‘మిమ్మల్ని ఎరిగినవారు’ అన్న గడిలో ఒక పేరు రాయాలి. ఎవరినీ కాదనేది కాదని అందరం అక్క పేరే రాశాం, అందుకే ఆమె పూచీ అక్క అయింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. నాకు ఇంకెవరు తెలుసు?

పదకొండింటికి ఆమె ఖాతా తీసేశాను. రెండింటికి పత్రం పంపి ఆసుపత్రికి ఫోన్ చేశాను.

“రాలేదమ్మా,” అన్నాడు గుమాస్తా.

“స్పామ్‌లో చూడండి సార్.”

“అక్కడా లేదు. నాలుగు దాటితే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు.”

“నేనే తెచ్చిస్తే?”

“ఆరు గంటల ప్రయాణం, ఎప్పటికొస్తావు తల్లీ? ఆఫీసు మెయిల్ నుంచే పంపు.”

మాటకు ముందు టైం చూసే గడియారం బాబాయ్ పక్క బల్ల నుంచి నవ్వాడు. “పదకొండింటి నుంచి నా మెయిళ్లకూ ఎవరూ పలకడం లేదే. ఇంతకీ మనం ఉన్నట్టా, పోయినట్టా?”

“ఊరుకోండి బాబాయ్!”

జల్లెడ తెరిచి చూశాను. మా గదిలోని నలభై పేర్ల ఎదురుగా ఒకే మాట: ఎవరూ ఎరగరు. అక్క ఖాతాతో పాటే ఆమె పూచీలూ పోయాయి. ఒకరికొకరం పూచీ ఇచ్చుకోబోయాం. ఎవరూ ఎరగనివారి పూచీ చెల్లదంది.

మూడూ నలభైకి గుమాస్తాయే ఫోన్ చేశాడు. “వచ్చిందమ్మా. మీవాళ్లెవరో పూచీ ఇచ్చారు.” ఆయన చదివిన చిరునామా అక్కది.

జల్లెడలో నా పేరు ఎదురుగా ఆమె చిరునామా, ఆనాటి తేదీ, మూడూ ముప్పై ఎనిమిది. ఖాతాల పట్టికలో మాత్రం ఆమె లేదు. చూస్తుండగానే రెండో పేరు మారింది. ఆ తరువాత మూడోది. నిదానంగా, అక్క రెండు వేళ్లతో టైపు చేసే వేగంతో. బాబాయ్ టైం చూడలేదు.

నాన్నకు ఆపరేషన్ అయింది, లేచి తిరుగుతున్నాడు. అక్క పాత దరఖాస్తు వెతికాను. అందరికీ పూచీ పడ్డ మనిషి దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉంది. ఆమెను ఎరిగినవారు లేక, జల్లెడలో ఆమె మాటకున్న విలువ రోజూ కొంచెం తగ్గుతోంది. సున్నాకు చేరితే ఆమె ఇచ్చిన పూచీలన్నీ పోతాయి. ఆ గడిలో నా పేరు రాశాను, ఒక్క పేరు చాలలేదు.

అందుకే ఇది చదివిన మిమ్మల్ని అడుగుతున్నాను. ఆమెను గుర్తుంచుకోండి. ఎవరైనా అడిగితే, ఎరుగుదుమని చెప్పండి.