మూడో తీగ

గిరి సంచి జిప్పు తీసి గిటారు బయటికి లాగగానే చౌడప్పకు రోత పుట్టింది. అయిదు తీగల కొత్త బేస్ గిటారు, మెరిసిపోయే నీలంరంగు. దానికి మొన్న ఆయుధపూజ చేశారట. చేయమనండి, ఎవరొద్దన్నారు? కానీ తీగల మీద పసుపునీళ్ళు పోశారు. తీగల కింద శబ్దాన్ని పట్టుకునే నల్లటి పికప్ మీద వేలెడు మందాన కుంకుమ అద్దారు. టెంకాయ కొట్టి ఆ నీళ్ళు కేబుల్ గుచ్చే బొక్కలోకే గుమ్మరించారు. నెల తిరగకముందే తీగలు తుప్పుపట్టి, ముట్టుకుంటే వేళ్ళకు ఎర్రగా అంటుకుంటున్నాయి. ఇంత చేసినవాళ్ళు పైనున్న ప్లాస్టిక్ పొర మాత్రం తీయలేదు. తీస్తే కొత్తదనం పోతుందట.

"దీన్ని వాయించేదానికి కొన్నావా, మొక్కేదానికి కొన్నావా?" అని అడిగాడు చౌడప్ప.

గిరి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ముప్పయ్యేళ్ళు దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఆ నవ్వేమిటో. చౌడప్పకు రోత ఇంకాస్త పెరిగింది.

వాడు ఎవరో దారినపోయేవాడైతే ఆ గిటారుతో సహా తరిమేసేవాడే. కానీ గిరి లక్ష్మీపతికి బామ్మర్ది. లక్ష్మీపతి అంటే పామిడిలో స్వరచంద్రిక ఆర్కెస్ట్రా ఓనరు. చుట్టుపక్కల ఎక్కడ జాతరయినా, పెళ్ళయినా ఆయన బృందమే పోతుంది. అందులో చౌడప్ప ఇరవయ్యారేళ్ళుగా బేస్ వాయిస్తున్నాడు. స్టేజీ మీద సుంకప్ప డ్రమ్ములకు ఎడమపక్క, దీపాల వెలుగు సరిగా పడని మూడడుగుల చోటు ఆయనది. ఎకరన్నర చేనుంటే వానల్లేక ఎప్పుడో బీడు పెట్టేశాడు. ఆ మూడడుగుల చోటు తప్ప ఆయనకు ఇంకొకటి లేదు.

లక్ష్మీపతి తీయతీయగా మాట్లాడుతూ వచ్చి అడిగాడు. అన్నా, నీకు మోకాళ్ళ నొప్పులు, బాగాలేని రోజు నిలబడటానికి ఒక మనిషి కావాలి, మా గిరికి కాస్త నేర్పించు అని. చౌడప్ప అంత తెలివితక్కువవాడేం కాదు. బాగాలేని రోజు కోసమని వచ్చినవాడు బాగున్న రోజు కూడా వచ్చి నిలబడతాడు. నేర్పనంటే ఇప్పుడే పొమ్మంటారు, నేర్పితే ఆరునెలలకు పొమ్మంటారు. ఆ ఆరునెలల్లో వీడు ఎందుకూ పనికిరాడని లక్ష్మీపతికే తెలిసొస్తుందన్న ఆశతో సరేనన్నాడు.

లక్ష్మీపతికి టెంట్ హౌస్ కూడా ఉంది. దాని గోడౌన్లో, మడతపెట్టిన షామియానాల మధ్య కూర్చుని పాఠాలు. అబ్బబ్బ, ఏం పాఠాలవి! గిరి వేళ్ళు ఊరుకోవు. ఫోన్లో ఎవడో చూపించిన విద్యలన్నీ, బొటనవేలితో టపటప కొట్టడం, సన్నతీగను లాగి వదలడం, అన్నీ ఒక్క పల్లవిలోనే కూరాలి. పైగా పట్టీ కిందికి వదిలి గిటారును మోకాళ్ళ దాకా వేలాడేసుకుంటాడు, సినిమాలో అలాగే ఉంటుందట. కూర్చున్నప్పుడు గిటారు ఎక్కడుంటుందో నిలబడినప్పుడూ అక్కడే ఉండాలిరా, లేకపోతే మణికట్టు విరుగుతుంది అని చౌడప్ప రోజూ చెప్పేవాడు, రోజూ తానే పట్టీ బిగించేవాడు. వాయించని తీగల మీద ఎడమచేతి వేళ్ళు ఆనించి ఉంచాలి, లేకపోతే అవి వాటంతటవే మూలుగుతూ ఉంటాయి అని చెప్పాడు. గిరి గిటారు ఎప్పుడూ మూలుగుతూనే ఉండేది.

ఆ గిటారులో ఒక చదరపు బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చినంతసేపూ, వాయించినా వాయించకపోయినా అది ఖర్చవుతూనే ఉంటుంది. పని అయిపోగానే కేబుల్ పీకాలి. చిన్నపిల్లలకు కూడా ఒకసారి చెబితే తెలిసే ముక్క. గిరి కేబుల్ అలాగే వదిలేసి ఇంటికి పోయేవాడు, పొద్దున వచ్చి గిటారు గొంతు పూడుకుపోయిందన్నా అనేవాడు. ఛీ, వీడికి వస్తువు విలువ తెలియదు అనుకునేవాడు చౌడప్ప. మన ఎండకు బండిలో కాగిన గిటారును నేరుగా స్టేజీ ఎక్కించకూడదు, గంటసేపు నీడన పెట్టాలి, ఆ తర్వాతే శ్రుతి చేయాలి, ప్రతి రెండు పాటలకూ మళ్ళీ చూసుకోవాలి అని చెబితే, అంత టైము యాడుంటుందన్నా అన్నాడు గిరి.

ఒకరోజు చౌడప్పకు ఒళ్ళు మండింది. గిరి చేయి పట్టుకుని ఆపాడు.

"ఒరే, నీకు పని సుంకప్ప కుడికాలితోనే. డ్రమ్ము మీద ఆ కాలు పడినప్పుడు నీ వేలు పడల్ల. అది ఆగితే నువ్వు ఆగల్ల. బేస్ ఉన్నంతసేపు ఉండాదని ఎవురికీ తెలీగూడదు. ఆగిపోతే మాత్రం ఏందో పోయినాదని అందరికీ తెలియల్ల. అదీ బేస్ అంటే."

గిరి బుర్ర ఊపాడు. ఊపి, ప్రాక్టీసే కదన్నా, ఈడ ఎవురు వింటారు అని గొణిగాడు. ఆ మాటకు చౌడప్పకు నిజంగానే ఉమ్మేయాలనిపించింది.

"ఎవురూ వినకుంటే నీ చేతులు వింటాయి. ఈడ ఒళ్ళొంచకుండా వాయిస్తే ఆడా అదే వస్తాది" అన్నాడు.

మూడు నెలలయ్యాక లక్ష్మీపతి ఒక లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ముప్పై పాటలకు బేస్ ఒక్కటే వాయించి ఇవ్వమన్నాడు. గిరి ఇంట్లో వింటూ నేర్చుకుంటాడట. ఆ మాట అక్కడున్న గిరి కూడా నమ్మాడు, చౌడప్ప కూడా నమ్మాడు.

తెల్లవారితే రికార్డింగు అనగా చౌడప్ప తీగలు ఊడదీశాడు. బేస్ తీగలు లావువి, చుట్టలు చుట్టలుగా ఉంటాయి. వేళ్ళ జిడ్డు ఆ చుట్టల్లో చేరి శబ్దం చచ్చిపోతుంది. కొత్తవి కొనాలంటే తలకు మించిన పని. అందుకని నెలకోసారి మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉడకబెట్టి, గుడ్డతో తుడిచి, ఎండకు ఆరబెట్టి మళ్ళీ బిగిస్తాడు. అప్పుడు తీగ నోరు తెరుస్తుంది. కానీ ఆ వారం వాళ్ళ వీధి కుళాయికి నీళ్ళొచ్చి తొమ్మిది రోజులయింది. పెళ్ళాం నల్లమ్మ పొయ్యికి అడ్డంగా నిలబడింది. తాగడానికి రెండే బిందెలున్నాయి, ఇనప తీగలకు పులుసు కాచేదానికి లేవు అంది. ఇదివరకు ఇలాంటప్పుడు చౌడప్ప బిందె పట్టుకుని పెన్న ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తోడుకొచ్చిన రోజులున్నాయి. ఈసారి కదల్లేదు. వానికి ఇది చాల్లే అనుకున్నాడు. ఆ జిడ్డు తీగలే తిరిగి బిగించాడు.

మరుసటి రోజు ముప్పై పాటలూ ఒక షామియానా మూట మీద ఒరిగి కూర్చుని వాయించేశాడు. మొదట ఒకసారి శ్రుతి చూసుకున్నాడు, అంతే. తొమ్మిదో పాట కాడ మూడో తీగ శ్రుతి వెంట్రుకవాసి దిగింది. రేకుల గోడౌన్ వేడికి దిగదా మరి. చౌడప్పకు వినబడింది. తీగ బిగించే మర చేతికి అందేంత దూరంలోనే ఉంది. తిప్పలేదు. మిగతా పాటలన్నీ దిగిన తీగతోనే లాగించి, కేబుల్ పీకి, ఇంటికెళ్ళి పడుకున్నాడు.

తర్వాతి ప్రోగ్రాం సోమందేపల్లెలో. లక్ష్మీపతి ఫోన్ చేసి, ఈసారికి మోకాళ్ళకు విశ్రాంతి ఇయ్యన్నా, గిరి వస్తాడులే అన్నాడు. చౌడప్ప సరేనన్నాడు. లోపల మాత్రం సంబరపడ్డాడు. వాడు నలుగురిలో నగుబాటు కావాలి, లక్ష్మీపతి మొహం మాడిపోవాలి, అది కళ్ళారా చూడాలి. మోకాళ్ళు మూలుగుతున్నా అనంతపురంలో బస్సు మారి పోయాడు. పొద్దుగుంకే వేళకు అక్కడికి చేరి, మిరపకాయ బజ్జీల బండి వెనక నిలబడ్డాడు.

మొదటి పాట మొదలయింది. బేస్ సరిగ్గా పడింది. రెండో చరణానికి ముందు కింది నుంచి పైకి జారే చిన్న జారుడుంది, అది చౌడప్ప సొంతం. అదీ వచ్చింది. ఆయన వేళ్ళు తొడ మీద వాటంతటవే కదిలాయి. వీడు నేర్చేసుకున్నాడే అనుకున్నాడు. కుళ్ళుతో పాటు, చెప్పకేం, కాస్త గర్వం కూడా కలిగింది. జనాన్ని తోసుకుంటూ నాలుగడుగులు ముందుకొచ్చి చూశాడు.

గిరి నిలబడ్డాడు, ఆయన మూడడుగుల చోటులో. పట్టీ సరిగ్గానే బిగించుకున్నాడు. నీలం గిటారు తళతళలాడుతోంది. దానికి కేబుల్ లేదు. గిరి చెమట తుడుచుకోవడానికి చేయి తీశాడు, బేస్ ఆగలేదు. స్టేజీ పక్కన లక్ష్మీపతి, ఆయన ముందు లాప్‌టాప్. సుంకప్ప చెవిలో ఒక నల్లటి ముక్క, ఆ లాప్‌టాప్ కొట్టే తాళానికి ఆయన కాలు కదులుతోంది. కాలును చూసి నడవాల్సిన తన బేస్ ఆ లాప్‌టాప్ పెట్టెలో కూర్చుంది, ఆ పెట్టె వెంట కాలు నడుస్తోంది. థూ అని చౌడప్ప నేల మీద ఉమ్మేశాడు. తన చేతులు కోసి అక్కడ పెట్టుకుని తనను మాత్రం బయట నిలబెట్టారు. ఇరవయ్యారేళ్ళు కలిసి తిన్నవాడు ఇంత పని చేస్తాడా అని ఒళ్ళంతా కంపరమెత్తింది.

ఆ కోపంతోనే వెళ్ళిపోయేవాడు. ఇంతలో హేమావతి మైకు పట్టుకుంది. స్వరచంద్రికలో ఆమె గొంతుకు ఎదురులేదు, శ్రుతి తప్పడమంటే ఆమెకు తెలియదు. నిదానమైన పాట. పల్లవి సగంలో మూడో తీగ పడింది. బీరువాలంతటి బాక్సుల్లోంచి, ఊరంతా వినబడేలా, వెంట్రుకవాసి కిందికి. హేమావతి గొంతు ఒక్క క్షణం తడబడింది. తన స్వరం దగ్గరే ఉండాలని చూసింది, కుదరలేదు. చివరికి గొంతు కాస్త దించి ఆ దిగిన తీగతో కలుపుకుంది. పాట పొడుగునా అలాగే పాడింది. జనం చప్పట్లు కొట్టారు.

అంతసేపూ లక్ష్మీపతి మీదున్న రోత అప్పుడు తన మీదికే తిరిగింది. ఆ మర ఎందుకు తిప్పలేదు? ఇంక ఏ ఊళ్ళో పాట పెట్టినా అదే తీగ, అదే బద్ధకం. రేపు విడపనకల్లులో, ఎల్లుండి ఇంకో చోట.

ప్రోగ్రాం అయ్యాక గిరి ఆయన్ని చూసి స్టేజీ వెనక నుంచి దిగి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ఇంట్లో వినేదానికే అనుకున్నాననీ, ఇట్లా చేస్తారని బండి ఎక్కేదాకా తనకు తెలియదనీ, నిజంగా వాయిస్తానంటే బావ ఒప్పుకోలేదనీ ఏదేదో చెప్పాడు. ఆ తర్వాత గిరి గొంతు తగ్గించాడు.

"అన్నా, తొమ్మిదో పాట కాడినుంచి మూడో తీగ దిగుండాది. ముందు నా చెవే సరిగా లేదేమో అనుకున్నా. దినామూ విన్నా. దిగుండేది నిజమే. బావతో చెప్తే ఎవురికి తెలుస్తాదిలే అన్నాడు. నువ్వు కావాల్నే అట్ల వాయించినావా? నేను కనుక్కుంటానో లేదో అని?"

ఔనంటే సరిపోయేది. పరీక్ష పెట్టానురా, నెగ్గావు పో అంటే గిరి కాళ్ళకు దండం పెట్టేవాడు కూడా. చౌడప్ప ఆ ముఖం వంక చూశాడు. పనికిరాడనుకున్నవాడికి చెవి వచ్చింది. తన చెవి వినీ విననట్టు ఊరుకుంది.

"లేదప్పా. ఒళ్ళు బరువై వాయించినా" అన్నాడు.

తర్వాత లక్ష్మీపతి దగ్గరికి నడిచాడు. ఆయన్ని చూడగానే లక్ష్మీపతి లేచి నిలబడి సాకులు వెతుక్కోసాగాడు. చౌడప్ప తన చోటు అడగలేదు.

"ఆ ముప్పై పాటలూ తీసేయ్. బేస్తవారం వస్తా. మళ్ళీ వాయించి ఇస్తా."

జనానికి నచ్చింది కదన్నా, ఇంకా ఎందుకు అన్నాడు లక్ష్మీపతి. చౌడప్ప అక్కణ్ణుంచి కదలకుండా నిలబడ్డాడు. కదిలించే దారి లేక లక్ష్మీపతి సరే రమ్మన్నాడు.

బేస్తవారానికీ కుళాయి రాలేదు. చౌడప్ప తాగేనీళ్ళ బిందె వంచి గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాడు. పోయిన పనికి మళ్ళీ పోయి చేసేదేంది, ఆ పెట్టెలోకి నువ్వే బాగా ఎక్కితే నిన్ను మళ్ళీ పిలిచేదెవురు అంది నల్లమ్మ. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆయన తీగలు గిన్నెలో వేశాడు. నీళ్ళు మరిగేకొద్దీ నల్లటి జిడ్డు పైకి తేలింది. ఇదంతా నా చేతి మురికే కదా అని దాని వంక అసహ్యంగా చూస్తూ పది నిమిషాలూ అక్కడే కూర్చున్నాడు.

గోడౌన్లో ఈసారి ఒరగలేదు, నిటారుగా కూర్చున్నాడు. ప్రతి రెండు పాటలకూ శ్రుతి చూసుకున్నాడు. గిరి ఎదురుగా కూర్చుని విన్నాడు. లక్ష్మీపతి ఓ మూల ఫోన్ చూసుకుంటున్నాడు. సాయంత్రమయ్యేసరికి ముప్పయ్యో పాట చివరి చరణం వచ్చింది. అక్కడ చౌడప్ప ఉన్నట్టుండి వాయించడం ఆపేశాడు.

లక్ష్మీపతి ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. గిరి చటుక్కున తలెత్తాడు.

చౌడప్ప వాడి వంక ఒకసారి చూసి, ఆ చరణం మొదటి నుంచి మళ్ళీ వాయించి పూర్తిచేశాడు. అయ్యాక కేబుల్ పీకి, చుట్టచుట్టి, గిరి చేతిలో పెట్టాడు.