మారుతాళం లేని ఖాతా

నిన్ను ముంచింది ఎవరయ్యా అని అడిగితే తాళాల మేస్త్రి తడుముకోకుండా ఒక్క పేరే చెబుతాడు: సిగ్నల్‌గాడు. స్వయానా భార్య తమ్ముడు. ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు గనక ఆ పేరొచ్చింది గానీ, వాడి బుర్రకు సిగ్నల్ అందిన రోజు ఒక్కటీ లేదని మేస్త్రి అభిప్రాయం. వీడియోల కంపెనీ వాడి తర్వాతే. ఏనుగు బొమ్మ తాళాల కంపెనీ ఆ తర్వాత. నల్లకోటు వకీలు అందరికంటే ఆఖర్న. మొదటి ముద్దాయి మాత్రం బావమరిదే.

బట్టలకొట్టు మేడమెట్ల కింద మేస్త్రి బడ్డీ. మెట్లు ఏటవాలుగా దిగుతాయి గనక లోపలికి పోయేకొద్దీ తల వంచాలి. ఏళ్ళ తరబడి వంచీ వంచీ, బయట నిలబడ్డా ఆయన మెడ కాస్త ముందుకే ఉంటుంది. వెనక గోడకు పళ్ళు కొయ్యని తాళంచెవులు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. పైన ఎవరైనా మెట్లెక్కితే అవి గలగలమంటాయి. దిగేటప్పుడు అదే చప్పుడును బట్టి, వచ్చినవాళ్ళు బట్టలు కొన్నారో, ఊరికే మడతలు చెడగొట్టి పోతున్నారో చెప్పేసేవాడు.

బడి చదువు అయిదుతో ఆగింది. మిగతా చదువంతా తాళం కన్నంలోనే. చెప్పింది మేనమామ. పనికంటే ముందు ఆయన పట్టింపులు నేర్పాడు. ఎవరింటి తాళం విప్పాలన్నా పక్కింటివాళ్ళను పిలిచి గుమ్మంలో నిలబెట్టాలి. ఒకరికి చేసిచ్చిన చెవికి మారుచెవి గానీ, దాని అచ్చు గానీ దగ్గర ఉంచుకోకూడదు. "ఒరే అల్లుడూ, కొట్టువాడు దొంగయితే తూకంలో పోతుంది. మనం దొంగలమైతే ఊరు ఊరంతా నిద్రమానుకుంటుంది" అనేవాడు. ఆ మాట మేస్త్రి ఒంటికి పుట్టుమచ్చలా అంటుకుపోయింది. అచ్చు తీసిన మైనం ముద్దను, చెవి తెచ్చినవాడి కళ్ళముందే నలిపి పారేసేవాడు.

వీడియోల పిచ్చి ఎక్కించింది సిగ్నలే. "బావా, నువ్వు తాళం విప్పుతూ కంపెనీలను తిట్టే తిట్లు మా అక్కొక్కతే వింటే ఏం లాభం? లోకాన్ని విననీ" అన్నాడు. పాత ఫోనొకటి బాగుచేసి ఇచ్చాడు. 'తాళం బాబాయి' అని ఖాతా తెరిచాడు, తన నంబరు మీదే. ఖాతాకు రహస్య పదం ఒకటి ఉంటుందని, అది చీటీ మీద రాసి చేతిలో పెట్టాడు.

"ఇది దాచుకో బావా. ఇంటికి మారుతాళం లాంటిది."

"నీ దగ్గర ఒకటుంది కదా?"

"ఉంది."

"మరి రెండోది నా జేబులో ఎందుకు? తాళం నీ చేతికిచ్చాక నీదే పూచీ." చీటీని నాలుగు ముక్కలు చేసి ఆకురాయి పొడి డబ్బాలో పారేశాడు.

సిగ్నల్ నెత్తి కొట్టుకున్నాడు. "నువ్వు మనిషివి కాదు బావా, తాళంకప్పవి."

మొదటి వీడియోలు చుట్టాలు కూడా చూళ్ళేదు. ఏనుగు బొమ్మ తాళంతో తిరిగింది దశ. బజారులో ఏ షట్టరుకు చూసినా ఆ ఏనుగే. మేస్త్రి దాన్ని అరచేతిలో పెట్టుకుని, పారేసిన డబ్బా రేకుముక్కతో చెవి కూడా అక్కర్లేకుండా ఊడదీశాడు. "ఏనుగు బొమ్మ చూసి కొన్నారు కదరా! ఏనుగు పైన ఉంది. లోపలున్నది చిట్టెలుక" అన్నాడు. దాన్ని జనం ఎగబడి చూశారు. ఊళ్ళూ వాడలూ దాటి ఫోన్లు రావడం మొదలైంది. తలుపు తాళం పడిపోయిందని ఒకరు, బీరువా తెరుచుకోవడం లేదని ఒకరు. బడ్డీకి రేకు దించి మోపెడు మీద తిరగడమే సరిపోయేది. "మెట్ల కింద మేస్త్రి కంటే చీకటే ఎక్కువ కనబడుతోందయ్యా" అని బట్టలకొట్టాయన ఒకటి రెండుసార్లు నసిగాడు. ఆ చోటు ఆయనదే. మేస్త్రి నవ్వి ఊరుకున్నాడు.

ఒకరోజు పొద్దున ఫోను తెరిస్తే ఎర్రగీత కింద నాలుగు ముక్కలు: 'మీ ఖాతాపై ఆంక్షలు విధించబడ్డాయి. కారణం: నేరాలను ప్రోత్సహించే విషయం.' ఆ రోజు నుంచి ఆయన ఏం పెట్టినా కుక్క కూడా చూళ్ళేదు. ఫోను మోగడం మానేసింది. బజారులోకి వస్తే, ఇన్నాళ్ళూ మూసి ఉన్న బడ్డీని జనం మరిచిపోయి బజారులో ఏనుగు కంపెనీవాళ్ళు పెట్టిన షోరూముకు అలవాటుపడ్డారు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

అంతవరకైతే ఖర్మ అనుకునేవాడేమో. ఆ వారమే ఏనుగు కంపెనీ ఒక వీడియో వదిలింది. సొగసైన పిల్ల ఒకతి నవ్వుతూ పాత ఏనుగు తాళాన్ని, అదే రేకుముక్కతో, అలాగే ఊడదీసింది. 'అందుకే మా కొత్త మోడలు కొనండి' అంది. ఆ వీడియో ఎవరి ఫోను తెరిచినా ముందుకొచ్చి నిలబడింది. మేస్త్రి ఫోన్లో కూడా.

"చూశావా? నేను విప్పితే నేరం. అది విప్పితే బేరం!"

"అరవకండి. ఆవిడకు వినబడదు" అంది భార్య, బియ్యంలో రాళ్ళేరుతూ.

"ఆవిడకు కాదే, ఆ వీడియోల కంపెనీకి వినబడాలి. ఏనుగువాళ్ళు డబ్బులు కడతారు, నేను కట్టను. అంతేగా తేడా?"

వీడియోల కంపెనీకి రాసి పంపించాడు. చెప్పింది సిగ్నల్ టైపు కొట్టాడు. చిటికెలో జవాబు: 'మీ సహనానికి ధన్యవాదాలు.'

"నాకు సహనం ఉందని వీడికెవడు చెప్పాడు?"

"మిషన్ బావా. మనిషి కాదు."

"మిషన్‌కి నేను దొంగనని ఎలా తెలిసింది మరి? అది రాయి."

రాశాడు. మళ్ళీ ధన్యవాదాలే వచ్చాయి. గోడకు చెప్పుకుంటే సున్నమైనా రాలుతుంది, ఇది అదీ రాల్చదు అన్నాడు మేస్త్రి. కిందికి జరిపి చూస్తే మాత్రం ఒక నీలం మీట ఉంది. 'నేరాన్ని ప్రోత్సహించానని ఒప్పుకుంటున్నాను. ఇకపై చేయను.' అది నొక్కితే కొన్నాళ్ళకు ఆంక్షలు ఎత్తేస్తారట.

"నొక్కిపారేయ్ బావా. ఎవడు చదువుతాడు? అందరూ నొక్కుతారు."

మేస్త్రి ఫోను బల్లమీద బోర్లా పెట్టాడు. "ఒరే సిగ్నలూ. కూరగాయలవాడు ఒప్పుకుంటే వాడి వంకాయ పుచ్చదు. వడ్రంగి ఒప్పుకుంటే వాడి కుర్చీ విరగదు. తాళాలవాడు దొంగతనం నేర్పానని ఒక్కసారి ఒప్పుకుంటే, చచ్చేదాకా ఎవడూ గుమ్మం తొక్కనివ్వడు. నాకున్న ఆస్తి ఆ ఒక్క పేరేరా. అది అమ్మి ఖాతా కొనుక్కోనా?"

"పేరు పొయ్యిలో పెడితే అన్నం ఉడకదు బావా."

"నీ పేరు పెడితే మంట కూడా రాదు, పో."

వీడియోల కంపెనీ మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేశాడు. వకీలును పెట్టుకోలేదు. ఎదురు వకీలును చూశాక, పెట్టుకోనందుకు సంతోషించాడు కూడా. వాడు నవ్వుతూ నమస్కారం పెట్టే రకం, తడిగుడ్డతో గొంతు కోసే రకం.

ఫోరంలో పెద్ద కుర్చీలో ఒక మేడం కూర్చుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, "చెప్పండి, మీ బాధేంటి?" అంది. మేస్త్రి మాటలు పెట్టుకోలేదు. తన వీడియో ఒక ఫోన్లో, ఏనుగు వీడియో ఇంకో ఫోన్లో తెరిచి, రెండూ ఆవిడ బల్లమీద పక్కపక్కన పెట్టాడు.

"అమ్మా, తాళం ఒకటే. రేకు ఒకటే. ఊడిన తీరు ఒకటే. ఆ పిల్ల గోళ్ళకు రంగుంది, నా గోళ్ళకు మసి ఉంది. నేరం ఆ మసిలో ఉంటే చెప్పండి, కడుక్కుంటాను."

వెనక బెంచీల్లో నవ్వులు. మేడం నవ్వలేదు గానీ రెండూ మళ్ళీ ఆడించి చూసింది. "వకీలుగారూ, దీనికేమంటారు? ఒకటి పెట్టనిచ్చి ఇంకొకటి ఎందుకు ఆపారు?"

వకీలు గొంతు సవరించుకున్నాడు. ఏనుగు కంపెనీ తన సరుకును తనే చూపించుకుందని, అది ప్రకటన అని, ప్రకటనలకు నియమాలు వేరని అన్నాడు.

"అంటే డబ్బు కట్టిన దొంగ దొర అన్నమాట" అన్నాడు మేస్త్రి.

"మీరు ఆగండి" అంది మేడం. కానీ ఆ ఆగమనడంలో కోపం లేదు. వకీలు వైపు తిరిగి, "ఆ నియమాలేవో రాతపూర్వకంగా చూపించండి. లేకపోతే ఈయన చెప్పేది నాకు సబబుగానే ఉంది" అంది.

మేస్త్రి వంగిన మెడ మొదటిసారి నిటారుగా లేచింది. గుమ్మం పక్కన నిలబడ్డ భార్యను చూశాడు. ఆమె పక్కన సిగ్నల్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. గెలుస్తున్నాం కదరా, గోళ్ళెందుకు తింటావు అనుకున్నాడు.

వకీలు తొందరపడలేదు. ఫైలులోంచి ఒక కాగితం తీశాడు. "నియమాల దాకా అక్కర్లేదు మేడం. పోయిన మంగళవారం ఈ ఖాతాదారు తన తప్పు ఒప్పుకున్నారు. నేరాన్ని ప్రోత్సహించానని, ఇక చేయనని. ఇదిగో."

"అబద్ధం! నేను నొక్కలేదు. నా చెయ్యి నరికినా నొక్కను" అన్నాడు మేస్త్రి.

"మరెవరు నొక్కారు?" అంది మేడం.

మేస్త్రి చూపు గుమ్మం వైపు తిరిగింది. సిగ్నల్ నేల చూపులు చూస్తున్నాడు.

"బావా... నీ కోసమే. అక్క ఏడుస్తుంటే... ఇవాళ ఎలాగూ ఓడిపోతావనుకున్నా బావా."

వకీలు ముఖం విచ్చుకుంది, అడక్కుండానే పండు చేతిలో పడ్డట్టు. "మేడం, ఖాతా ఆ అబ్బాయి నంబరు మీద ఉంది. రహస్య పదం ఆ అబ్బాయి దగ్గర ఉంది. ఖాతా ఈయనదైతే, నేరం ఈయన ఒప్పుకున్నట్టే. కాదూ, నొక్కింది వేరేవాళ్ళంటారా, అప్పుడు ఖాతా ఈయనది కాదు. తనది కాని ఖాతా మీద ఈయనకు ఫిర్యాదు చేసే హక్కే లేదు. ఏదో ఒకటి తేల్చుకోమనండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేడం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఆవిడకు జాలేసినట్టే ఉంది. "చూడండి, ఆ రహస్య పదం మీ దగ్గర కూడా ఉంటే, ఖాతా మీదే అనడానికి దారి ఉంటుంది. ఒక కాపీ అయినా ఉంచుకోలేదా?"

"ఉంచుకోను."

"ఎందుకని?"

"ఒకరి చేతికిచ్చిన తాళానికి మారుతాళం ఉంచుకోవడం మా పనిలో దొంగతనం కింద లెక్క."

ఈసారి వెనక బెంచీల్లో ఎవరూ నవ్వలేదు. వకీలు మాత్రం ఆ మాట రాసుకున్నాడు. కేసు కొట్టేశారు.

ఆశ్చర్యమేమిటంటే, ఖాతా మర్నాడే తెరుచుకుంది. మీట నొక్కినందుకు మిషన్ మాట నిలబెట్టుకుంది. సిగ్నల్ ఆ ఫోను పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. "బావా, వచ్చేసింది! చూడు, అందరికీ కనబడుతున్నావు."

"ఏమని కనబడుతున్నానురా?"

మేస్త్రి ఫోను లాక్కుని చూశాడు. ఏనుగు షోరూమువాళ్ళు ఫోరం తీర్పు కాగితాన్ని ఫొటో తీసి పెట్టారు, మేస్త్రి ఒప్పుకున్నాడన్న లైను కింద ఎర్రగా గీత గీసి. ఆ కింద జనం: 'దొంగల బాబాయి.' 'మా ఇంటికొచ్చి తాళం మార్చిపోయాడు, ఇప్పుడేం చెయ్యాలి?' 'పోలీసులకు చెప్పండి.'

"వాడు తమ్ముడండీ, తెలీక చేశాడు" అంది భార్య.

"తెలిసి చేసినవాడికైతే బెయిలుంటుంది. వీడు నా గడప తొక్కితే ఒప్పుకోను. ఇది మాత్రం మీట నొక్కకుండా చెబుతున్నా."

సిగ్నల్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మేస్త్రి కరగలేదు. ఇప్పటికీ కరగలేదు.

బట్టలకొట్టాయన బడ్డీ దగ్గరికే వచ్చాడు. మంచి మనిషే. అందుకే మాట తిన్నగా రాలేదు. "అన్నా, నువ్వేంటో నాకు తెలుసు. కానీ పైన సరుకుంది. కాగితం మీద ఒప్పుకున్నావని అందరూ అంటున్నారు. రేపు ఏదైనా పోతే, నీ మెట్ల కిందే పెట్టుకున్నావని నన్నంటారు. పైగా ఏనుగువాళ్ళు ఇక్కడ తాళంచెవులు కోసే మిషన్ పెడతామని అడుగుతున్నారు."

"పక్కింటివాళ్ళను పిలువు" అన్నాడు మేస్త్రి.

"ఎందుకన్నా?"

"ఖాళీ చేసేటప్పుడు సాక్షి ఉండాలి. నాది కానిది ఒక్క మేకు కూడా పట్టుకుపోలేదని వాళ్ళు చూడాలి."

పక్కనున్న చెప్పులకొట్టాయన వచ్చి నిలబడ్డాడు. మేస్త్రి చెవుల గుత్తులు దించాడు. ఆకురాళ్ళు గుడ్డలో చుట్టాడు. గోడకు కొట్టిన మేకులు అలాగే వదిలేశాడు. రేకు దించి తాళం వేసి, చెవి బట్టలకొట్టాయన చేతిలో పెట్టాడు.

"దీనికి మారుచెవి..." అని ఆయన నసిగాడు.

"నా దగ్గర ఉండదు."

ఆయన తలూపాడు. అయినా మేస్త్రి వీధి మలుపు తిరిగేలోపే వెనక టప్‌మని చప్పుడైంది. తిరిగి చూశాడు. తన తాళం తీసేసి, దాని స్థానంలో ఏనుగు బొమ్మ తాళం వేస్తున్నారు. ఒక్క రేకుముక్క చాలు. దారి పొడవునా రేకుముక్కలే. మేస్త్రి వంగలేదు.

ఏమేం పోయిందని ఇప్పటికీ ఎవరైనా అడుగుతుంటారు. పేరుకు కొలత లేదు గనక అది చెప్పడు. ఖాతా ఊసెత్తడు. కొలిచి చెప్పగలిగింది మాత్రం చెబుతాడు: మేడమెట్ల కింద ఆరడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు, ముందువైపు నిలబడేంత ఎత్తు, వెనకవైపు తల వంచేంత.