మోరీలో పడ్డ ఉస్తాదులు

చలికాలం వచ్చిందంటే మా ఆయన ఇమామ్ సాహెబ్ చేతులు ఊరుకోవు. బిజినేపల్లిలో ఆయనది సైకిళ్ల దుకాణం. ఎండాకాలం ట్యూబులు పగిలి గిరాకీ దండిగా ఉంటుంది. చలికి ఎవడూ దుప్పట్లోంచి బయటికి రాడు, సైకిలూ రాదు. ఇక ఈయన పెరట్లో పడున్న పాత సైకిళ్లను కోసి, అతికి, వాటిని ఇంకేదో చేస్తాడు. నిరుడు పల్లి చేలో కలుపు తీసే సైకిల్ చేశాడు. అది కలుపు వదిలేసి పల్లి మొక్కల్ని శ్రద్ధగా పీకింది. అంతకుముందు కత్తులు సానబట్టే సైకిల్ చేశాడు. దాని మీద మొదట తెగింది ఆయన బొటనవేలే.

ఈసారి మాత్రం పని నేను చెప్పాను. నా మోకాళ్లు అరిగిపోయి రెండేళ్లయింది. దవాఖానలో డాక్టరమ్మ ఎక్కువ నడవొద్దంది. అప్పటి నుంచి సంతకు ఈయనే పోతున్నాడు. పోయి ఏం తెస్తాడు? విరిచినా విరగని బెండకాయలు, పుచ్చు వంకాయలు. ఏమన్నా అంటే "తినేటియే గదా" అంటాడు. నా బాధ కూరగాయల గురించే అనుకోకండి. సంతలో నలుగురితో ముచ్చటపెట్టి, బేరమాడి, ఒకరిద్దరితో కొట్లాడి రెండేళ్లయింది. ఇంట్లో ఎంతకాలమని ఈ ఒక్క మనిషితోనే కొట్లాడాలి?

"మూడు చక్రాల సైకిల్ చెయ్యి. బ్యాటరీ పెట్టు. సంతకు నేనే పోత," అన్నాను.

"జన్మల సైకిల్ ఎక్కలేదు, బండి నడుపుతదంట!" అని నవ్వాడు. అయినా చేతికి పని దొరికింది కదా, మర్నాడే మొదలుపెట్టాడు. తుప్పు పట్టిన రెండు సైకిళ్లను ఒకటి చేశాడు. వెనక ఒకే ఇరుసుకు రెండు చక్రాలు, వాటి మీద మనిషి పట్టేంత ఇనుప బుట్ట, సీటు కింద బ్యాటరీ. నెల పట్టింది. చివరికి నీలిరంగు వేశాడు. అబద్ధమెందుకు, ముద్దొచ్చింది.

ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. ముందుగాల తెలిసినోళ్లు చూడాలె."

తెలిసినవాళ్లలో మొదటివాడు తనే. దర్జాగా ఎక్కాడు. పది గజాలు పోయి, ఎడమ పక్కన మురుగు పారే మోరీలోకి నేరుగా దిగాడు. లేచి, "బ్రేక్ జర గట్టిగుంది," అన్నాడు. తర్వాత పాల భీమన్న. రెండు క్యాన్లు తగిలించుకుని, చేతులొదిలేసి సైకిల్ తొక్కే ఘనుడు. అదే మోరీ. ఆ తర్వాత బడిలో ఆటలు నేర్పే నరేందర్ సారు వచ్చాడు. "అంత బ్యాలెన్స్‌లనే ఉంటదక్కా," అంటూ వెళ్లి మోరీలో కళ్లద్దాలు పోగొట్టుకున్నాడు. బురద కడుక్కుంటూ ముగ్గురూ బండినే తిట్టారు. ఆడలేక మద్దెల ఓడన్నారట!

మా ఆయన ముఖం చిన్నబోయింది. "ఇది మనుషుల్ని సంపేటట్టుంది. రేపే పాతినుముల ఏస్త."

"అది నా బండి," అన్నాను.

"మోకాళ్లు పోయినయ్, ఇగ నడుము గూడ ఇరగ్గొట్టుకుంటవా?" అంటూ పాత ఇనుము కొనే శివకు నా ముందే ఫోన్ చేశాడు. నాకు ఒళ్లు మండింది. మంట కంటే భయం ఎక్కువైంది. ఆ బండి పోతే చచ్చేదాకా ఈ గోడల మధ్యే ఉండాలి, ఆయన చెప్పే ముచ్చట్లే వినాలి.

మర్నాడు సంత. శివ కోసం చూస్తూ ఆయన లోపల చాయ్ తాగుతున్నాడు. నేను సంచి పట్టుకుని బండెక్కాను. రోడ్డు మధ్యలో ఎత్తు, పక్కలకు వాలు. కూర్చోగానే బండి ఎడమకు కొంచెం ఒరిగింది. ఒరిగితే ఒరగనీ, నా బొంద, అనుకుని హ్యాండిల్ సూటిగా పట్టుకుని ఎక్సలేటర్ తిప్పాను. బండి సూటిగానే పోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ ముగ్గురూ సైకిల్ ఉస్తాదులు. సీటు ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకు వాళ్ల చేతులు హ్యాండిల్ తిప్పేస్తాయి. రెండు చక్రాల మీద ఆ అలవాటే మనిషిని పడకుండా కాపాడుతుంది. మూడు చక్రాల మీద అదే మోరీలోకి తీసుకుపోతుంది. నాకు ఆ అలవాటే లేదు. ఎవరైనా సైకిల్ ఎక్కనిస్తే కదా!

"ఓ అమీరూ! ఆగే! పడ్తవే!" అని వెనక నుంచి మా ఆయన కేక. నేను ఆగలేదు.

సంతలో ఆకుకూరలమ్మే జములమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. "ఓయమ్మో అక్కా, నువ్వేనా! సాబు ఏడి?"

"సాబు రాలే. నేనే వచ్చిన," అన్నాను. ఛీ, పాలకూర ముందు ఏడుపేమిటని కొంగుతో ముక్కు తుడుచుకుని బేరం మొదలుపెట్టాను. చెప్పినదాంట్లో సగానికి అడిగాను. ఆమె తిట్టింది. నేనూ తిట్టాను. ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో మా ఆయన రొప్పుతూ వచ్చాడు. జనం చూస్తున్నారని గడ్డం సవరించుకున్నాడు. "సరే, అయిపోయింది గదా. దిగు. నేను నడుపుత, నువ్వు ఎనక కూసో."

"నీకు రాదు," అన్నాను.

జములమ్మ కొత్తిమీర మీద నీళ్లు చల్లుతున్నట్టు తల దించుకుని నవ్వింది. ఊళ్లో సగం మందికి సైకిల్ నేర్పిన మనిషి ఆయన. నాకు తప్ప. మెల్లగా బుట్టలోకెక్కి, సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. మలుపు దగ్గర అలవాటు కొద్దీ ఓ పక్కకు ఒంగాడు. "సక్కగ కూసో!" అని గదిమితే సక్కగా కూర్చున్నాడు.

దుకాణం ముందు శివ తక్కెడ దించి సిద్ధంగా ఉన్నాడు. "ఇదేనా సాబూ, తూకమెయ్యాల్సింది?"

మా ఆయన బుట్టలోంచి దిగకుండానే, "నన్నెందుకు అడుగుతవ్? బండి ఆమెది. ఆమెనడుగు," అన్నాడు.

శివ నా వైపు తిరిగాడు.

"ఇది ఇయ్య," అన్నాను. "లోపల సాబు సైకిల్ ఉంది. కావాల్నంటే దాన్ని తూకమేస్కపో."

మా ఆయన సంచి అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాడు.