ఎనిమిది సీట్ల బండి

"నీకేది సుఖంగా ఉంటే అదే తీసుకుందాం రాణీ. రోజూ నడిపేది నువ్వేగా!"

శనివారం పొద్దున దోసెలు పోస్తుంటే మొగుడన్న ఆ మాటకి మరియరాణి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద దోసె అంచులు నల్లబడ్డాయి. అన్నది బాలశౌరేనా అని వెనక్కి తిరిగి చూసింది. బాలశౌరే. కౌంటర్ దగ్గర ఎత్తు కుర్చీలో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో బండి బొమ్మలు తిప్పుతూ, ఇంకో దోసె కోసం ప్లేటు ముందుకు జరిపి మరీ అన్నాడు.

పదమూడేళ్ల కాపురంలో ఆమె సుఖం సంగతి అడిగిన పాపాన పోలేదాయన. ఈ పరాయి దేశమొచ్చి క్రాన్‌బర్న్‌లో ఈ ఇల్లు కట్టించుకునేటప్పుడు వంటింట్లో సింకు పైన ఒక్క కిటికీ పెట్టించమని ఆమె నెత్తీ నోరూ బాదుకుంది. "అక్కడ నిలబడి బయటికి ఏం చూస్తావ్? దండగ ఖర్చు," అని ఆ డబ్బు థియేటర్ రూమ్‌లో పోశాడు. అందులో ఇంతవరకూ చూసిన సినిమాలు లేవు. వానాకాలం ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తోంది, ఆరేసేది కూడా ఆమే. సోఫా గుమ్మంలో దిగాకే కొన్నట్టు తెలిసింది. ఆయన ఎర్ర కారు సంగతీ అంతే. అలాంటి మనిషి ఇవాళ నీ సుఖం అంటున్నాడంటే సంతోషించాలా, భయపడాలా? గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని గుంటూర్లో వాళ్లమ్మ ఊరికే అనేది కాదు. మరియరాణికి భయమే వేసింది.

పైగా అదను చూడండి. ఆరేళ్లుగా ఆమె రక్తపరీక్షల సెంటర్లో వారానికి మూడు రోజులు పని చేస్తోంది. నరం దొరకని ముసలివాళ్లు ఆమె ఉన్న రోజే వస్తామని చెప్పి వెళ్లిపోతారు. అక్కడి ఇన్‌చార్జి హెలెన్ రిటైరవుతూ, "నా కుర్చీలో నువ్వు కూర్చో మరియా, ఫుల్ టైమ్. సోమవారం లోపల చెప్పు," అంది. ఆ మాటకి మరియరాణి రెండు రాత్రులు నిద్రపోలేదు, ఆనందంతో. చిక్కల్లా ఒకటే. పొద్దున ఏడింటికి సెంటరు తలుపులు తియ్యాలి. ఖాళీ కడుపుతో పరీక్షకొచ్చేవాళ్లు అప్పటికే బయట నిలబడి ఉంటారు. అంటే పిల్లలు నోవానీ ఎల్సానీ లేపి, తినిపించి, బడికి దింపాల్సింది బాలశౌరి. వారంలో మూడు రోజులు ఆయన ఇంట్లోంచే పని చేస్తాడు. బడి రెండు వీధుల అవతల. పిల్లలేమైనా పాలు తాగే పిల్లలా? ఈ సంగతి చెబితే, "చూద్దాంలే, తొందరేముంది," అన్నాడు. ఆ మర్నాటి నుంచే ఇంట్లో డీజిల్ బండి భజన మొదలైంది.

షోరూమ్‌లో ఆ అనుమానం ఇంకాస్త ముదిరింది. బండి ఎంత ఉందనుకున్నారు! పక్క తలుపు మీట నొక్కితే దానంతటదే జరిగి తెరుచుకుంటోంది. లోపల మూడు వరసలు. మామూలుగా బండి దగ్గర బాలశౌరి అడిగే ప్రశ్నలు ఆమెకి కంఠస్థమే. ఎంత పికప్పు, స్పీకర్లు ఎన్ని, చక్రాలు ఎంత సైజు. ఇవాళ ఒక్కటీ అడగలేదు. మెట్టు ఎంత ఎత్తని వంగి చూశాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కగలరా అని అడిగాడు. మధ్య వరసలో చంటిపిల్లల సీటు బిగించాక పక్కన పెద్దవాళ్లు కూర్చునే చోటుంటుందా అని అడిగాడు. వాకర్ వెనకాల పడుతుందో లేదో వెనక తలుపెత్తి చూసుకున్నాడు. ఎల్సాకి ఎనిమిదేళ్లు, నోవాకి పదకొండు. ఇంట్లో చంటిపిల్లలెవరు? మోకాళ్ల నొప్పులు అత్తగారివి. ఆవిడేమో అరగంట దూరాన పాకెన్‌హామ్‌లో చిన్నకొడుకు జోజి దగ్గర ఉంటోంది.

బండి చూపిస్తున్న అమ్మాయి మంచిదే, అమ్ముకోవాలని అబద్ధం చెప్పలేదు. మీ వాడకం బడీ షాపులూ అయితే డీజిల్ వద్దంది. దగ్గర దగ్గర తిరిగితే ఫిల్టర్లో మసి పేరుకుపోతుందట, అప్పుడప్పుడూ ఫ్రీవే మీద కాస్త దూరం పోతేనే అది కాలిపోయి శుభ్రమవుతుందట. "హైబ్రిడ్ చూపించనా?" అని మరియరాణి వైపు తిరిగింది.

"నో నో, డైలీ లాంగ్ రన్ ఉంటుంది మాకు," అన్నాడు బాలశౌరి గబగబా. "మార్నింగ్ పాకెన్‌హామ్, మళ్లీ ఈవెనింగ్ పాకెన్‌హామ్." అనేసి నాలిక కరుచుకున్నాడు. ఆ తర్వాత టైర్ల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది ఆయనకి.

సోమవారం దాకా నడిపి చూడమని షోరూమ్‌వాళ్లు బండి ఇచ్చారు. తిరుగుదారిలో మరియరాణే నడిపింది. నిజం చెప్పొద్దూ, ఆ ఎత్తు సీటు ఆమెకి తెగ నచ్చింది. ముందు పోయే కార్లన్నీ కాళ్ల కింద ఉన్నట్టున్నాయి. ఇంత పెద్ద బండి ఒంటి చేత్తో తిరుగుతోంది. ఇదేదో నిజంగానే తన కోసమైతే ఎంత బాగుండు అని ఒక్క క్షణం ఆశ కూడా పుట్టింది. ఆ ఆశ మీదే ఒళ్లు మండింది.

"రోజూ పాకెన్‌హామ్ ఎవరు వెళ్తారండీ?"

"మాట వరసకన్నానే. డీజిల్ మీద తగ్గింపు బాగా ఇస్తున్నారు."

"మాట వరసకి పొద్దునా సాయంత్రం కూడానా?"

"అబ్బ, నీకన్నీ అనుమానాలే. అనుమానం పెనుభూతం అన్నారు అందుకే. నీ పాత కారు వాళ్లకే ఇచ్చేస్తే ఇంకొంచెం తగ్గుతుంది, ఆ సంగతి ఆలోచించు ముందు."

ఆయన ఎర్ర కారు మాత్రం ఉంటుంది. ఉంటుందా అని అడగడం కూడా దండగని ఆమెకి తెలుసు.

సాయంత్రం బియ్యం బస్తా తెచ్చేటప్పుడూ, షాపింగ్ సెంటర్లో రెండు గీతల మధ్య ఆ బండిని ఒదిగించేటప్పుడూ అదే ఆలోచన. అడిగితే నిజం చెప్పడు. ఆయన నోట నిజం రావాలంటే కోపమన్నా రావాలి, నిద్రన్నా రావాలి. మరిది ఇంటికీ తన ఉద్యోగానికీ ముడి ఏమిటి? మరిది పెళ్లాం స్నేహ బ్యాంకులో చేస్తుంది, చంటాడు పుట్టాక సెలవులో ఉంది. ఆ సెలవు ఈ నెలాఖరుకి అయిపోతుంది. ఆ లెక్క అప్పుడు తట్టింది మరియరాణికి. ఛీ, మరీ అంతకు తెగించరులే, ఒక్క మాటైనా చెప్పకుండానా, అని తనని తనే తిట్టుకుంది.

ఆదివారం చర్చిలో తెలుగు పూజ అయ్యాక అందరూ జోజి ఇంట్లో చేరారు. మధ్యాహ్నం పార్కులో బార్బెక్యూ. ఎండ పెళపెళలాడుతోంది. "పిల్లలూ అమ్మా కొత్త బండిలో రండి, మేం జోజి కార్లో వెనకాలే వస్తాం," అన్నాడు బాలశౌరి. మరియరాణి ఎక్కి ఏసీ వేసింది.

పక్క తలుపు తెరుచుకుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆమె చెప్పబోయింది. చెప్పే పని లేకపోయింది. అత్తగారు సరాసరి మధ్య వరసలో తలుపు పక్క సీట్లో కూర్చుంది. కూర్చోవడమే కాదు, "ఆఁ, చెప్పినట్టే ఉంది, మోకాలు ముడవకుండానే ఎక్కా," అంది. జోజి చంటివాడి సీటు తెచ్చి ఆవిడ పక్కనే బిగించాడు. జోజి పెద్దవాడు, ఐదేళ్ల రూబెన్ వెనక్కి దూరి కిటికీ పక్క కూర్చున్న నోవాని తోశాడు.

"దట్స్ మై సీట్! పెదనాన్న సెడ్ సో. ఎవ్రీడే మై సీట్!"

బాలశౌరి ముందు ఎడమ తలుపు తీసి పిల్లల బ్యాగులూ, పాలసీసాల సంచీ, డబ్బాలూ ఆ సీట్లో పేర్చాడు. "ఇది బ్యాగులకి. చేతికందుతాయి," అన్నాడు చాలా తృప్తిగా, అన్నీ అనుకున్నట్టే కుదిరిన మనిషిలా. అమ్మకో సీటు, తమ్ముడి పిల్లలకి సీట్లు, ఆఖరికి బ్యాగులకి కూడా సీటుంది. ఆయనకే లేదు. ఆయనకి అక్కర్లేదు కాబట్టి లేదు.

ఇంతలో స్నేహ డ్రైవర్ కిటికీ దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి. "అక్కా, నాకోసం మీరు జాబ్ మానేస్తున్నారని బావగారు చెప్తే నమ్మలేదు నేను. వీణ్ణి చైల్డ్‌కేర్‌లో పడేయాలంటే ప్రాణం ఒప్పుకోలా. రోజూ వచ్చి అత్తయ్యనీ వీళ్లనీ తీసుకెళ్లడం, మళ్లీ దింపడం... సొంత అక్కయినా చెయ్యదక్కా."

"ఎప్పుడు చెప్పారు?" అంది మరియరాణి.

"క్రిస్మస్‌కే." స్నేహ ఆగిపోయింది. ఆమె ముఖంలోకి చూసింది, తర్వాత బావగారి వైపు చూసింది. "అయ్యో... మీకు తెలీదా?"

క్రిస్మస్‌కే. హెలెన్ మాటకన్నా ముందే. అంటే ఫుల్ టైమ్ సంగతి చెప్పినప్పుడు చూద్దాంలే అన్న మనిషి, చూసేసుకుని కూర్చున్నాడన్నమాట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె పొద్దుల్నీ సాయంత్రాల్నీ తమ్ముడికి పంచిపెట్టి, ఇంటికొచ్చి నీ సుఖమే నా సుఖం అని దోసెలు తిన్నాడు. ఏడవాలనిపించింది. ఏడిస్తే అత్తగారు ఓదారుస్తుంది, ఆయన సారీ చెబుతాడు, బండి కదులుతుంది. ఈ కథ ఆమెకి బాగా తెలుసు. ఏడవలేదు.

"నీ తప్పేం లేదులే స్నేహా. నువ్వు మాత్రం ఉద్యోగం మానకు," అంది. ఫోన్ తీసింది. హెలెన్‌కి రెండే ముక్కలు రాసింది, ఆ కుర్చీ నాకు కావాలి, రేపొచ్చి మాట్లాడతానని. పంపించేసింది. తర్వాత బెల్టు విప్పి దిగి, బండి ముందు నుంచి చుట్టి వచ్చి, ఎడమ తలుపు తీసి, బ్యాగులన్నీ కింద పెట్టి ఆ సీట్లో కూర్చుంది.

బాలశౌరి పరుగున వచ్చాడు. "ఏంటే, ఒంట్లో బాగాలేదా?"

"శుభ్రంగా ఉంది. బండి కూడా బాగుంది. హెలెన్‌కి సరే అని చెప్పేశా."

"ఏమని? నన్నడక్కుండానా?" గొంతు పెరిగింది. మరిది నేల చూపులు చూస్తున్నాడు. "ఇంట్లో మాట్లాడుకుందాం రాణీ, అందరి ముందూ..."

"అందరికీ క్రిస్మస్‌కే తెలుసటగా. నాకే ఇవాళ తెలిసింది."

చంటివాడు గుక్క పట్టాడు. వెనక నుంచి అత్తగారు, "ఎక్కరా పెద్దోడా, పిల్లాడు ఉడికిపోతున్నాడు," అంది విసుగ్గా.

బాలశౌరి అటూ ఇటూ చూశాడు. ఎవరూ కదల్లేదు. చుట్టూ తిరిగి వచ్చి డ్రైవర్ సీట్లో ఇరుక్కున్నాడు. మోకాళ్లు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి. మీట కోసం సీటు కింద తడుముకోసాగాడు.

"వెనక్కి జరుపుకుని మీకు సరిపోయేట్టు పెట్టుకోండి," అంది మరియరాణి బెల్టు పెట్టుకుంటూ. "ఈ బండి కొంటే రోజూ ఆ సీట్లో కూర్చోబోయేది మీరే."