ఈ గోడ కాదు

పదకొండో మేకు ఊడి రావడానికి మొరాయించింది. సుత్తి వెనకవైపు కొక్కేన్ని దాని మెడకు తగిలించి, గోడ పెచ్చు లేవకుండా కింద చిన్న చెక్కముక్క ఆనించి, పన్ను పీకేవాడిలా అటూ ఇటూ ఊపి లాగాడతను. మేకు వచ్చింది. దాని వెనకే కాస్త ఇటుకపొడి రాలింది. మేకును చొక్కా జేబులో వేసుకుని, ఎడమ అరచేతిలో ఉన్న లప్పం ముద్దలోంచి బఠాణీ గింజంత తీసి, కన్నంలోకి బొటనవేలితో కుక్కి, రేకుతో పైన ఒక్క గీత గీశాడు. అంతే, కన్నం మాయమైంది. అక్కడ ఎవరో ఏదో తగిలించుకుని బతికారన్న సంగతి ఇక ఆ గోడ ఎవరికీ చెప్పదు.

నలభై ఏళ్ళుగా ఇదే పని కాబట్టి అందరూ అతన్ని లప్పం బాబాయి అంటారు. అతనికంటే పెద్దవాళ్ళు కూడా బాబాయనే అంటారు. అసలు పేరేమిటని అడిగితే అతనే ఒక్క క్షణం తడుముకుంటాడు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక, కొత్తవాళ్ళు దిగేలోపు ఉండే రెండు మూడు రోజులే అతని రాజ్యం. ఆ రోజుల్లో గోడలు అతనితో మాట్లాడతాయి. కింద వరసగా నాలుగు మేకులుంటే పిల్లల బడిసంచులు. తలుపు వెనక వంకర మేకుంటే ఆ ఇంటి మగవాడి చొక్కా. ఒకేచోట మూడు కన్నాలుంటే, అద్దం ఎంత ఎత్తున ఉండాలన్న దగ్గర మొగుడికీ పెళ్ళానికీ పడలేదన్నమాట. మేకులు కొట్టొద్దని ఇంటివాళ్ళు ఎంత మొత్తుకున్నా అద్దెకున్నవాళ్ళు కొడుతూనే ఉంటారు. అతను మాత్రం తొమ్మిది అద్దె ఇళ్ళు మారినా ఒక్క గోడకీ ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. కన్నం పూడ్చడం ఎంత పనో తెలిసినవాడు కదా.

మేడమీద రెండు గదుల వాటా అది. మూడు గోడలకి లప్పం పని అయిపోయింది. కిటికీ పక్కనున్న నాలుగో గోడ వైపు అతను పొద్దున్నుంచీ వీపే పెట్టాడు, ముఖం పెట్టలేదు.

"బాబాయ్, అది చూశావా?" అంటూ ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. ఈ ఇల్లు కట్టించిన పెద్దాయనకి కోడలావిడ, ఈ ఊరొచ్చి అయిదేళ్ళే. "వీళ్ళ బీరువా తీశాక బయటపడింది. ఎంత అసహ్యంగా ఉందో చూడు! ఎవరి తల జిడ్డో ఏంటో. నాలుగింటికి కొత్తవాళ్ళొస్తున్నారు. వాళ్ళకది కనపడకూడదు."

"సరేనమ్మా" అన్నాడతను.

ఎవరి తల జిడ్డో అతనికి తెలుసు.

ఆవిడ దిగి వెళ్ళాక అతను తిరిగాడు. నేలనుంచి నడుమంత ఎత్తున, రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత వెడల్పున, తేనెరంగు మరక. అంచులు పలచగా, నడుమ చిక్కగా ఉంది. సరిగ్గా గుండ్రం కాదు, కుడివైపుకి, అంటే కిటికీ వైపుకి కొంచెం ఒరిగి ఉంది. గరుకు కాగితంతో మెల్లగా రుద్దాడు. వేడెక్కిన గోడలోంచి తలనూనె వాసన లేచింది. అతను చెయ్యి తీసేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పంతొమ్మిదేళ్ళు ఈ రెండు గదుల్లోనే కాపురం చేశారు. అతని భార్య దర్జీ దుకాణానికి చొక్కాలకు కాజాలు కుట్టేది. పొట్టి చెక్కపీట ఒకటి కిటికీ పక్కన వేసుకుని, ఒళ్ళో చొక్కాల గుట్ట పెట్టుకుని కూర్చునేది. ఆ పీటకి ఒక కాలు పొట్టి. దాని కింద అట్టముక్క మడిచి పెట్టేది. కళ్ళు లాగినప్పుడు వెనక్కి వాలి గోడకి తల ఆనించేది. పంతొమ్మిదేళ్ళు వాలితే రాయికైనా గుర్తు పడుతుంది, సున్నం గోడ ఎంత!

వెలుతురు కోసం అటు తిరిగి కూర్చునేదని, అందుకే మరక ఒక పక్కకి ఒరిగిందని అతని లెక్క. ఊరందరి గోడలూ చదివినవాడు, ఇంట్లో గోడని అంతవరకే చదివాడు.

మొదటి పూత వేశాడు. తడి మీద మరక కనిపించలేదు. నూనె మరకలు అంతే, తడి మీద నంగనాచిలా తలొంచుకుంటాయి, ఆరుతున్నకొద్దీ పైకొస్తాయి. వాటికి మందుంది. ముందు ఒక్క చెయ్యి మరకమందు పూసి, దాని మీద రంగు వేస్తే, కింద ఏమున్నా ఏడేడు జన్మలకీ పైకి రాదు. ఆ డబ్బా సంచిలోనే ఉంది. అతను దాని జోలికి పోలేదు. ముందు మామూలు పూత వేసి చూద్దాం, పోతే పోతుంది అనుకున్నాడు. పోదని అతనికంటే బాగా తెలిసినవాడు ఆ ఊళ్ళో లేడు.

మధ్యాహ్నం పీట మీద కూర్చుని అన్నం డబ్బా విప్పాడు. పీట అదే. ఆవిడ పోయాక అది అతని పనిముట్టయింది. కింది గోడలకి పూత వెయ్యాలంటే దాని మీదే కూర్చుంటాడు. ఎన్ని ఇళ్ళ రంగులు చింది పడ్డాయో, అసలు చెక్క ఏ రంగో ఎవరూ చెప్పలేరు. రెండు ముద్దలు తిన్నాడో లేదో ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, సామాను సర్దావా? రేపు పొద్దున్నే ఆయన బండి తీసుకొస్తారు."

"సర్దడానికేముందే. రెండు సంచులు."

"నీ గదికి ఏ రంగు వెయ్యమంటావో ఇంకా చెప్పలేదు. మన ఇల్లు నాన్నా, నీ ఇష్టం. ఎన్ని మేకులైనా కొట్టుకో." కూతురు నవ్వింది. కొత్తగా కొనుక్కున్న ఇల్లు, ఆ నవ్వులో తెలుస్తోంది. "అమ్మ పీట తెస్తున్నావుగా? దానికి చోటు కూడా చూసి పెట్టాను."

"ఊఁ" అన్నాడతను.

ఇల్లు కొనాలన్న పోరు ఆ ఇంట్లో తల్లిది, కూతురిది. అద్దె నయమన్న వాదన అతనిది. మాటల్లో అతన్ని గెలిచినవాళ్ళు లేరు. "అద్దెకున్నవాడికి కప్పు కారితే నిద్ర చెడేది ఇంటాయనకే, మనకి కాదు" అనేవాడు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ఒకటి చేసి చూశాం, చాలదా?" అనేవాడు. అన్నదమ్ములు ఒక్క అడ్డుగోడ కోసం పదేళ్ళు మాట్లాడుకోని ఇళ్ళకి అతనే రంగులేశాడు, ఒకపక్క ఒక రంగు, రెండోపక్క ఇంకో రంగు. ఆ కథలు చెప్పి నవ్వించేవాడు. భార్య నవ్వేది. నవ్వి, కాజా దారం పంటితో తెంపి, "ఊరందరి గోడలూ తెల్లగా చేస్తావు. మనదంటూ ఒక్క గోడ ఏదయ్యా?" అనేది. పెద్దాయన బతికున్న రోజుల్లో ఒకసారి తనే అడిగాడు, ఈ రెండు గదులూ నువ్వే కొనుక్కోరాదా, తెలిసినవాడివి, ధర చూసిస్తాను అని. ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. అతను మాత్రం ఎప్పటిలాగే నాలుగు చమత్కారాలు చెప్పి పెద్దాయన్ని నవ్వించి పంపించేశాడు. ఆ రాత్రి ఆవిడ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పుడనుకుంటాడు.

పెద్దాయన పోయాక కొడుకు ఖాళీ చెయ్యమన్నాడు. వెళ్ళేవాళ్ళే రంగు వేయించి వెళ్ళాలన్నది ఒప్పందం. అతనికి వేరే మనిషెందుకు? తనే వేశాడు. ఆఖరి రోజు సామానంతా కిందికి దిగిపోయాక ఆవిడ ఇదే పీట మీద, ఇదే గోడ పక్కన, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇదొక్కటీ వదిలెయ్యవయ్యా" అంది మరకని వేలితో చూపించి. "నేనిక్కడ ఉన్నాననడానికి ఏదో ఒకటి ఉండొద్దూ?"

"జనం నవ్వుతారే! లప్పం బాబాయి ఉన్న ఇంట్లోనే మరకుందంటే రేపు నన్ను పనిలోకి ఎవడు పిలుస్తాడు?"

ఆవిడ లేచి పీట పక్కకి జరిపింది. అతను పూత వేసేశాడు. మరకమందు మాత్రం వెయ్యలేదు. మరిచిపోయాడో, చెయ్యి రాలేదో, ఈ ఆరేళ్ళలో ఎన్నిసార్లు తవ్వుకున్నా అతనికి తేలలేదు.

అన్నం డబ్బా మూతపెట్టి వెనక్కి తిరిగి చూశాడు. మరక వచ్చేసింది. పొద్దుటికంటే పలచగా, తెల్లటి పూత వెనకనుంచి, దుప్పటి కప్పుకున్న మనిషి ముఖంలా.

"వచ్చావూ?" అన్నాడు. ఖాళీ గదిలో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఒళ్ళు జలదరించింది. భయమని మాత్రం చెప్పలేం. భయపడ్డవాడు దగ్గరికి వెళ్ళి గోడ మీద చెయ్యి వెయ్యడు.

రెండో పూత వేశాడు. ఆరడానికి గంట పట్టింది. ఆ గంటలో పక్కగది తలుపులకి రంగు వేస్తూ అయిదారుసార్లు తొంగి చూశాడు. చూసిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా ఆవిడ వస్తూనే ఉంది.

మారిన ఇంట్లో ఆవిడ నాలుగు నెలలే ఉంది. జ్వరం అన్నారు, నీరసం అన్నారు, మందులు వాడారు. రాత్రిళ్ళు సగం నిద్రలో చెయ్యి చాపి గోడని తడిమేది. తడిమి, "ఈ గోడ కాదు" అనేది. అతను దగ్గరికి వెళ్ళి "ఏ గోడయితే ఏంటే, పడుకో" అనేవాడు. "ఈ గోడ కాదయ్యా" అనేది, దారి తప్పిన చిన్నపిల్ల ఇంటి గుర్తులు చెప్పినట్టు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఆవిడ చెయ్యి గోడ మీదే ఉండిపోయింది.

మూడున్నరకి అతను సంచిలోంచి మరకమందు డబ్బా తీశాడు. స్క్రూడ్రైవర్‌తో మూత లేపాడు. ఘాటైన వాసన కళ్ళకెక్కింది. చిన్న బ్రష్ ముంచి, అంచుకి రాసి, చుక్క రాలకుండా పట్టుకుని గోడ ముందు పీట మీద కూర్చున్నాడు. ఒక్క చెయ్యి వేస్తే చాలు. ఇంటావిడ మెచ్చుకుంటుంది, కొత్తవాళ్ళు దిగుతారు, నలభై ఏళ్ళ పేరు నిలబడుతుంది. రేపు కూతురింటికి వెళ్ళిపోతే మళ్ళీ ఈ మెట్లెక్కే పని కూడా ఉండదు. ఆ పైన భూమ్మీద ఏ గోడ మీదా ఆవిడ ఉండదు.

బ్రష్ చివర చుక్క ఊరి కింద పడింది. అతను బ్రష్ గుడ్డకి తుడిచి, మూత పెట్టి, సుత్తితో చుట్టూ కొట్టి బిగించేశాడు.

నాలుగింటికి ముగ్గురూ వచ్చారు. ఇంటావిడ ముందు, కొత్తగా పెళ్ళైన జంట వెనక. కుర్రవాడు గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "రెండేళ్ళేనండీ. తర్వాత సొంతంగా కొనేసుకుంటాం. అద్దె కట్టడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోయడమే."

"ఆ రెండేళ్ళూ కాళ్ళు ముడుచుకుని కూర్చోమంటావా? వచ్చినచోటల్లా అదే పాట" అంది ఆ కుర్రవాడి భార్య. మెట్లెక్కిన ఆయాసంతో ఆ పిల్ల నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

ఇంటావిడ కిటికీ దగ్గర ఆగిపోయింది. "ఇదేంటి బాబాయ్, పోలేదే!"

"పోదమ్మా."

"నీక్కూడా పోని మరకంటూ ఉందా?"

"ఉంది. ఇదొక్కటి." అతను కాలితో సంచిని కొంచెం వెనక్కి జరిపాడు. లోపల డబ్బా చప్పుడైంది. "గోడ లోపలికంటా పట్టేసింది. ఎన్ని పూతలేసినా పైకొస్తుంది." పనిలో నలభై ఏళ్ళకి అది అతని మొదటి అబద్ధం.

"బాగుంది! రేపు ఇంకొకణ్ణి పిలిపించి గోడ గీకించేస్తాను. నువ్వు పెద్దవాడివైపోయావు బాబాయ్."

ఆ మాట అతనికి తగిలింది. కొత్తపెళ్ళికూతురు మాత్రం మరక వంకే చూస్తోంది. దగ్గరికి వెళ్ళి వేళ్ళతో తాకింది. "ఎవరో బాగా కూర్చున్నారిక్కడ" అని, ఎవర్నీ అడక్కుండానే కిందున్న పీట మీద కూలబడి వెనక్కి వాలింది. తల సరిగ్గా మరకలోకి వెళ్ళింది. ఊపిరి వదిలి ముఖం పక్కకి తిప్పింది.

"అబ్బ! ఇక్కణ్ణుంచి సందు మలుపుదాకా కనిపిస్తోందే!" అంది మొగుణ్ణి చూసి. "నువ్వు ఆఫీసునుంచి వస్తుంటే ముందే తెలిసిపోతుంది."

బాబాయి గోడ పట్టుకున్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా అతను తలుపు తట్టలేదు. మెట్లెక్కేసరికి తలుపు తెరిచి ఉండేది, చెంబుతో నీళ్ళు గడప పక్కన ఉండేవి. "నా చెప్పుల చప్పుడు నీకు ఊరవతలనుంచే వినిపిస్తుందా ఏంటే?" అని వేళాకోళం చేసేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది. వెలుతురు కోసం కాదు. పొద్దున లేచి వెళ్ళినవాడు తిరిగొచ్చే మలుపు కోసం.

"ఈ మరక ఉండనివ్వండి ఆంటీ. నాకేం అడ్డం లేదు. నేనిక్కడే కూర్చుంటాను" అంటోంది ఆ పిల్ల. "నీ ఇష్టం తల్లీ, తర్వాత నన్ననొద్దు" అంటోంది ఇంటావిడ. పీట అటూ ఇటూ ఊగుతోందని ఆ పిల్ల లేచింది. వాళ్ళు ముగ్గురూ వంటగది చూడ్డానికి వెళ్ళారు.

అతను లప్పం వచ్చిన అట్టపెట్టె మూత చింపి, నాలుగు మడతలు పెట్టి, పీట పొట్టికాలి కింద దోపాడు. వేలితో నొక్కి చూశాడు. ఊగలేదు. బ్రష్‌లు, రేకు, గుడ్డలు సంచిలో వేసుకుని మెట్లు దిగాడు.

"బాబాయ్, నీ పీట మర్చిపోయావ్!" పైనుంచి ఇంటావిడ కేకేసింది.

రేపు కూతురికేం చెప్పాలో అతనికి తెలియదు. "అది నాది కాదమ్మా. ఆ గోడది" అని సంచి భుజానికెత్తుకుని నడిచాడు.

సందు మలుపులో ఆగాడు. ఎన్నో వేలసార్లు ఆ మలుపు తిరిగి ఇంటికి వచ్చాడుగాని ఒక్కసారీ అక్కణ్ణుంచి తలెత్తి చూడలేదు. మేడమీద కిటికీ తెరిచే ఉంది. వాళ్ళు మళ్ళీ వంటగదిలోకి వెళ్ళినట్టున్నారు, చప్పుడు లేదు. అతను చెయ్యి సగం పైకెత్తి, ఎవరైనా చూస్తారని దించేసుకున్నాడు.

కిటికీ లోపల, గోడ పక్కన, పొట్టికాలి కింద కొత్త అట్టముక్కతో, పీట మలుపు వైపుకి కొంచెం తిరిగి ఉంది.