దూలం మీది ఊపిరి

పుష్యమాసం మూడో రోజు నుంచి బడిలో పిల్లల నోటి ఆవిరి కరిగిపోవడం మానేస్తుంది.

తులజ టీచర్ హాజరు పిలుస్తుంది. "ప్రెజెంట్ టీచర్" అనే ప్రతి మాటతోపాటు కాస్త తెల్లని ఆవిరి లేస్తుంది. అది పైకి వెళ్ళి దూలం మీద పిట్టలా కూర్చుంటుంది. సాయంత్రం గంట కొట్టగానే ఎవరి ఆవిరి వాళ్ళ వెంట ఇంటికి పోతుంది.

మధ్యాహ్న భోజనం వండే సాయమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తుంది.

"మంచిగుంది టీచరమ్మా. పైన కూసున్నోళ్ళకు గూడ బియ్యం పొయ్యాల్నా?"

"వాళ్ళు తినరు సాయమ్మా. చలి ఉంటే చాలు."

"గట్లయితే కింద కూసున్నోళ్ళ కన్న వాళ్ళే నయం. పప్పు మాడిందని అనరు."

నల్లబల్ల మీద తేదీ కింద తులజ టీచర్ ఒక గీత గీసి పెట్టింది. ఆ రోజు దారిలో ఎవరో ఒకరు చూసిన అందాన్ని అక్కడ రాయాలి. సోమవారం: బర్రె వీపు మీద లేచిన పొగ. మంగళవారం: కుంపటి ముందు చాపిన అవ్వ వేళ్ళు, లోపల దీపం పెట్టినట్టు ఎర్రగా. బుధవారం అంజిలి చెప్పింది: మంచు పట్టి సాలెగూడు అందరికీ కనబడిపోతే, సాలీడు సిగ్గుపడి ఆకు కింద దాక్కుంది.

పొగమంచు దూరాన ఉన్నవాటిని చూడనివ్వదు కాబట్టి చలికాలంలో దగ్గరివి మాత్రమే మిగులుతాయి. వాటిని గట్టిగా చూసుకోవాలి. తులజ టీచర్‌కి ఇది ఆలస్యంగా తెలిసింది. ఇలాంటి చలిలోనే ఆమె చెల్లెలు బస్సెక్కింది. కిటికీ అద్దానికి ఆవిరి పడితే చెల్లెలు లోపల నుంచి వేలితో ఏదో రాసింది. చదివేలోపు బస్సు కదిలింది. ముప్పై ఏళ్ళయింది. చెల్లెలు మళ్ళీ రాలేదు. ఆ అద్దం ఇంకా చదవాల్సే ఉంది.

గురువారం అంజిలి రాదు. తొమ్మిదేళ్ళ పిల్ల, రిజిస్టరులో పద్నాలుగో నంబరు. వాళ్ళ నాయిన బుగ్గప్ప ఇంటిల్లిపాదినీ తీసుకొని ఇటుక బట్టీ పనికి లారీ ఎక్కాడు. నాలుగు వారాలు వరసగా రాకపోతే పేరు కొట్టేయాలి. పేరు కొట్టేసిన పిల్ల ఎండాకాలంలో ఊరికి తిరిగొచ్చినా బడికి రాదు, మేకల వెంట పోతుంది. తులజ టీచర్ అలాంటి పేర్లు పదకొండు కొట్టేసింది. రొట్టె చేసుకుంటున్నప్పుడు ఆ పేర్లు ఒక్కొక్కటే గుర్తొస్తాయి.

"పద్నాలుగు, అంజిలి," అని అలవాటుగా పిలుస్తుంది.

"ప్రెజెంట్ టీచర్."

మాట దూలం మీద నుంచి వస్తుంది. అంజిలి ఆవిరి నిన్న ఇంటికి పోలేదు. పిల్లలు తలెత్తి చూసి, మళ్ళీ పుస్తకాల మీదికి వంగుతారు. తులజ టీచర్ పద్నాలుగో గడిలో హాజరు వేస్తుంది.

రోజూ ఆవిరి పలుకుతుంది. పై నుంచి కనబడే అందాలు కూడా చెబుతుంది. పిల్లల పాపిళ్ళు చీమల దారుల్లా ఉన్నాయంటుంది. టీచర్ నడినెత్తిన తెల్లవెంట్రుకలు ముగ్గేసినట్టున్నాయంటుంది. ఎండ తగిలితే కరుగుతుందేమోనని తులజ టీచర్ కిటికీలకు గోనెపట్టాలు కడుతుంది.

"సలి పెడ్తుంది టీచర్," అంటారు పిల్లలు, చేతులు చంకల్లో పెట్టుకొని.

"ఓర్చుకోండి. అంజిలి ఉంది కదా."

ఇరవయ్యో రోజు పొద్దున బుగ్గప్ప వస్తాడు. గొంగడి కప్పుకొని, చెప్పులు గడప బయట విడిచి నిలబడతాడు.

"టీచరమ్మా, మా పిల్ల ఆడ నోరు తెరుస్తలేదు. గింత సలిల గూడ దాని నోట్లకెల్లి పొగ వస్తలేదు. తోటి పిల్లలు నోట్ల పొగతోటి బీడీలాట ఆడుతుంటే ఇది దూరం పోయి కూసుంటుంది. ఊపిరి బళ్ళె మరిసి వచ్చిన్నని సైగ చేస్తుంది. ఉన్నదా?"

తులజ టీచర్ రిజిస్టరు మూస్తుంది. "లేదు బుగ్గప్పా. అంజిలి ఊపిరి ఇక్కడ లేదు."

"ప్రెజెంట్ టీచర్," అని పై నుంచి వినబడుతుంది. పేరు వినబడితే పలకకుండా ఉండటం దానికి చేతకాదు.

బుగ్గప్ప కోప్పడడు. తలెత్తి చాలాసేపు చూస్తాడు. "సన్నబడ్డది," అంటాడు.

"పిల్లను కూడా ఇక్కడే విడిచిపో. నేను చూసుకుంటాను."

"దాన్ని ఇడిసిపెడితే వాళ్ళమ్మ ఊపిరి గూడ ఈడనే ఉంటనంటది. అప్పుడు అందరం ఊపిరి లేకుంట ఇటుకలు ఎట్ల మొయ్యాలె టీచరమ్మా?"

తులజ టీచర్ బల్ల ఎక్కి చేతులు చాపుతుంది. ఆవిరి దిగి వచ్చి కోడిపిల్లంత బరువుతో అరచేతుల్లో కూర్చుంటుంది.

"ఈ రోజు ఏం రాయమంటావు?"

ఆవిరి గొంగడి వైపు తిరుగుతుంది. "మా నాయిన వచ్చిండు," అంటుంది.

బుగ్గప్ప గొంగడి అంచు తెరిచి దాన్ని లోపలికి తీసుకుంటాడు. ఆ మాట నల్లబల్ల మీద రాసి తులజ టీచర్ వెనక్కి తిరిగేసరికి గుమ్మం నిండా పొగమంచే ఉంది.

"ఇగ ఉన్న పిల్లలనన్న ఎండ కాగనియ్యి టీచరమ్మా," అంటూ సాయమ్మ గోనెపట్టాలు విప్పేస్తుంది.

నాలుగు వారాలు పద్నాలుగో గడిలో గైరుహాజరు పడుతుంది. శివరాత్రి దాటుతుంది. మిగతా పిల్లల ఆవిరి మామూలుగా కరిగిపోవడం నేర్చుకుంటుంది. వంటగది గోడకని బట్టీ నుంచి లారీలో ఇటుకలు వస్తాయి, మేస్త్రీ ఒక్క రోజులో గోడ లేపుతాడు. నల్లబల్ల మీద "మా నాయిన వచ్చిండు" అన్న మాటను ఎవరూ తుడవరు.

ఈ రోజు పేరు కొట్టేయక తప్పదు. మధ్యాహ్నం దాకా ఆగి తులజ టీచర్ ఎర్ర సిరా పెన్ను మూత తీసి, ఆఖరిసారి పిలుస్తుంది.

"పద్నాలుగు, అంజిలి."

దూలం పలకదు. కొంచెం ఆగి బయట నుంచి, "ప్రెజెంట్ టీచర్."

కొత్త గోడలో మూడో వరస ఇటుక ఒకటి పొగలు కక్కుతోంది. తులజ టీచర్ పెన్నుతోనే బయటికి వచ్చి దాని ముందు వంగుతుంది. పచ్చి ఇటుకను తిరగేసినప్పుడు పడ్డ ఐదు చిన్న వేళ్ళ గుర్తులు దాని మీద ఉన్నాయి. ఈసారి కదిలే బస్సేదీ లేదు. నిదానంగా చదవొచ్చు. ఆమె తన కుడిచేతి వేళ్ళు ఆ గుంతల్లో పెడుతుంది.

ఇటుకలోని వేళ్ళు మెల్లగా ముడుచుకొని ఆమె చేతిని పట్టుకుంటాయి. పెన్ను కింద పడుతుంది.

"టీచరమ్మా, పిల్లలు అన్నానికి కూసున్నరు," అని సాయమ్మ పిలుస్తుంది.

"వడ్డించు సాయమ్మా. నా చెయ్యి ఖాళీ లేదు."

మాటతోపాటు, మండే ఎండలో, ఆమె నోట్లో నుంచి తెల్లని ఆవిరి బయటికి వస్తుంది. అది పిల్లల పళ్ళాలు దాటి బడిలోకి వెళ్తుంది. దూలం ఎక్కి అంజిలి చోట సర్దుకొని కూర్చుంటుంది. ఎవరు రిజిస్టరు తీసి తన పేరు పిలుస్తారా అని ఎదురుచూస్తూ ఉంటుంది.