భైరవసామికి పెరుగన్నం

అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోగానే ఉడుమలైపేట దగ్గరి మా ఊరి నుంచి సూలూరులోని మామ ఇంటికి వచ్చాను. రఘురామన్ మామ మాల వేసుకుని శబరిమలకు వెళ్తున్నాడు. శివకామి అత్త కూతురి కాన్పుకని ముందే మదురై వెళ్లింది. ఇంట్లో మిగిలేది టైసన్ అనే పదమూడేళ్ల కుక్క, వరండా పంజరంలో ఆరు లవ్ బర్డ్స్. రాత్రిపూట పక్కింటి సౌందరం పెద్దమ్మ తోడు పడుకుంటుంది. పగలంతా నేనొక్కదాన్నే. ఎవరితోనూ మాట్లాడే పని ఉండదని, ఇల్లు చూసుకోవడానికి ఒప్పుకున్నాను.

మామ బయలుదేరేటప్పుడు గురుసామి, ఇంకో నలుగురు సాములు వాకిట్లో నిలబడి ఉన్నారు.

"మాళిగపురం, పక్షులకి కొర్రలు పెట్టు. పొద్దు పోతే పంజరానికి గోనె కప్పు, చలికి తాళవు. భైరవసామి నీ పొరుప్పు, బాధ్యతగా చూసుకో."

మాల వేసుకున్న వాళ్లకు మగవాళ్లంతా సామి, ఆడపిల్లలంతా మాళిగపురం, కుక్క భైరవుడు.

"ఏం పెట్టాల మామా?"

మామ గురుసామి వైపు చూశాడు. "పెరుగన్నం. ఇంట్లో విరదం కదా."

మా ఊళ్లో మాల వేసుకున్న ఇంటి పశువుల కొట్టంలోకి కూడా కోడిగుడ్డు రానివ్వరు. కుక్కను సామి అని పిలుస్తున్నారంటే దానికీ ఆ వ్రతమే అనుకున్నాను.

మొదటి రోజు టైసన్ పెరుగన్నం వాసన చూసి పక్కకు పోయి పడుకున్నాడు. రెండో రోజు పాలు పోశాను, ఇడ్లీ పెట్టాను. ఇడ్లీని ముక్కుతో తోసి చూసి వదిలేశాడు. మూడో రోజు గిన్నె చప్పుడుకు లేవలేదు. డొక్కల దగ్గర చర్మం లోపలికి పోయింది. నోటుపుస్తకంలో మూడు రోజులూ ఒకే మాట రాశాను, తినలేదు అని.

ఆ సాయంత్రం అత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, టైసన్ ఏమీ తినలా. మూడు దినాలాయె."

"అయ్యో కడవులే! ముసలి ప్రాణం, తట్టుకోడమ్మా. మీ మామ కొండలో ఉన్నప్పుడు ఇంట్లో చావు పడితే ఊరంతా ఏమంటుంది? రోజూ పొద్దున్నే నడిపించుకుని పోతాడే, తీసుకుపోతుండావా?"

"లేదత్తా."

"ఎందుకు?"

టైసన్ గిన్నెను పక్కకు జరిపాను. మెయిన్ రోడ్డు మలుపులో టీ కొట్టు ఉంది. మిల్లు వాళ్లు గుంపుగా నిలబడి వచ్చేపోయే వాళ్లను చూస్తుంటారు. అందుకే గేటు దాటలేదు.

"ఆస్పత్రిలో నర్సమ్మ పిలుస్తుండాది, పెట్టేస్తా. రేపు తీసుకుపో పాపా" అంది అత్త.

నాలుగో రోజు పొద్దున మంచు ఇంకా విడవలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని గొలుసు పట్టుకున్నాను. టైసన్ గేటు దాకా తూలుతూ నడిచాడు. మలుపు తిరగగానే గొలుసు లాగడం మొదలుపెట్టాడు. టీ కొట్టు దాటించి, తర్వాతి కోడిమాంసం కొట్టు ముందు కూర్చున్నాడు. ఎంత లాగినా లేవలేదు.

కొట్టతను కత్తి పక్కన పెట్టాడు. పైన బోర్డు మీద మునియాండి అని ఉంది.

"ఏమిరా, మూడు దినాలు లీవా?" అన్నాడు టైసన్‌తో. తర్వాత నన్ను చూశాడు. "సామి కొండకు పోయినాడా? నువ్వెవరు మా?"

"మేనకోడల్ని."

"సామి అక్కడ నిలబడేది." రోడ్డుకు అవతలి కరెంటు స్తంభం చూపించాడు. "ఇటు వీపు పెట్టుకుని గొలుసు వదిలేస్తాడు. వీడే దాటి వస్తాడు. ఉడకబెట్టిన మెడకాయలు వేస్తా. తిన్నాక నోరు కడిగి పంపిస్తా. కార్తిక మొదటి నుంచీ ఇదే కదా."

"వీడికీ విరదమని..."

"విరదమా? వీడికా?" మునియాండి టీ కొట్టు వైపు తిరిగి అరిచాడు. "వింటిరా? టైసన్ విరదంలో ఉండాడంట!"

అక్కడ నలుగురూ నవ్వారు. నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"నవ్వుకేం లే మా. పొరుప్పు నీది కదా, నువ్వు చెప్పు. వెయ్యనా, వద్దా?"

"వెయ్యండి" అన్నాను.

అప్పుడే బస్సు పోయింది. "ఏమంటివి? గట్టిగా చెప్పు."

"వెయ్యండి! మెత్తగా చేసి వెయ్యండి, వీడి నోట్లో పండ్లు లేవు!"

టీ కొట్టు దగ్గర అందరూ తిరిగి చూశారు. మునియాండి మెడకాయలు చిదిమి ఆకులో వేశాడు.

రోడ్డు దాటి స్తంభం దగ్గర నిలబడ్డాను. వీపు తిప్పుకోలేదు. తింటాడో లేదో చూడాలి. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. తర్వాత మింగాడు. ఆ తర్వాత ఆకంతా నాకాడు. మునియాండి చెంబుతో నోరు కడిగి పంపాడు.

సాయంత్రం పంజరానికి గోనె కప్పుతుంటే మామ ఫోన్ చేశాడు. వెనక శరణఘోష వినిపిస్తోంది.

"భైరవసామి తింటుండాడా?"

"ఈ పొద్దు తిన్నాడు మామా. మూడు దినాలు తినలా."

"ఎక్కడ తిన్నాడు?"

"కరెంటు స్తంభానికి ఎదురుగా."

మామ గొంతు తగ్గించాడు.

"నోరు కడిగినాడా?"

"కడిగినాడు."

"సరి. రేపు కొంచెం ముందే పో. ఆలస్యమైతే మెడకాయలు అయిపోతాయి" అని, గొంతు పెంచి "సామి శరణం" అని పెట్టేశాడు.